ఎంఆర్ఐ నార్మల్ అని వస్తే బైపోలార్ జబ్బు లేనట్టేనా?

సైకియాట్రీ ఓపీలో తరచూ వినిపించే మాట ఒకటుంది. "డాక్టర్ గారూ, ఒకసారి బ్రెయిన్ స్కాన్ రాయండి, లోపల ఏముందో తేలిపోతుంది." అడిగేది తల్లి కావచ్చు, భార్య కావచ్చు, బావమరిది కావచ్చు. ఇంట్లో కుర్రవాడు మూడు వారాలుగా రాత్రుళ్లు నిద్రపోవడం లేదు. అయినా అలసట లేదు. ఆపకుండా మాట్లాడుతున్నాడు, ఎప్పుడూ లేనిది అప్పులు తెచ్చి వ్యాపారం అంటున్నాడు, కాదన్నవాళ్ల మీద విరుచుకుపడుతున్నాడు. ఆరు నెలల కిందట ఇదే పిల్లవాడు మంచం దిగలేదు, అన్నం ముట్టలేదు. డాక్టరు బైపోలార్ డిజార్డర్ అంటారు. లిథియం రాస్తారు, కిడ్నీ, థైరాయిడ్ రక్తపరీక్షలు రాస్తారు, స్కాన్ మాత్రం రాయరు. ఇంటివాళ్లకు తృప్తి ఉండదు. తెలిసిన వేరే డాక్టరుతో రాయించుకుని, వేలు పోసి ఎంఆర్ఐ తీయిస్తారు. పెద్ద కవర్లో ఫిల్ములు, వెంట ఒక రిపోర్టు. చివరి వాక్యం సారాంశం: చెప్పుకోదగ్గ లోపమేమీ లేదు.

అసలు నష్టం అక్కడ మొదలవుతుంది. కొందరు "మెదడు బాగానే ఉందట, ఇన్ని మందులు దేనికి" అని మాత్రలు ఆపేస్తారు. ఇంకొందరు "అయితే ఇదంతా కావాలని చేస్తున్నాడన్నమాట" అని మనిషినే తప్పుపడతారు. ఆ రిపోర్టు ఈ రెంటిలో ఏ ఒక్కటీ చెప్పలేదు. గడ్డ లేదు, రక్తస్రావం లేదు, పక్షవాతపు గుర్తు లేదు అని మాత్రమే చెప్పింది. బైపోలార్ జబ్బు మెదడులో ఎక్కడుంది అన్న ప్రశ్న మీద ప్రపంచంలో దాదాపు నలభై ఏళ్లుగా ఎంఆర్ఐ యంత్రాలు పనిచేస్తున్నాయి. వాటి నుంచి వచ్చిన జవాబులు నిజమైనవే, విలువైనవే. అయితే అవి వేలమందిని కలిపి చూసినప్పుడు కనిపించేవి. ఒక్క మనిషి ఫిల్ములో వెతికితే దొరకవు. ఈ తేడా ఎందుకు వచ్చిందో తెలియాలంటే ఆ పరిశోధన నడిచిన దారి కొంచెం చూడాలి.

మితిమీరిన హుషారు దశ అయిన మేనియా, కుంగుబాటు దశ అయిన డిప్రెషన్ ఒకే మనిషిలో వంతులవారీగా వచ్చిపోతాయని పందొమ్మిదో శతాబ్దంలోనే ఫ్రెంచ్ వైద్యులు రాసిపెట్టారు. నేటికీ రోగనిర్ధారణ జరిగేది అలా కాలక్రమం చూసే. కనీసం వారం రోజులపాటు సాగే మేనియా, కనీసం రెండు వారాలుండే డిప్రెషన్, మధ్యలో మామూలుగా ఉండే నెలలు, ఏళ్లు. రక్తంలో దీనికి పరీక్ష లేదు. మధుమేహానికి షుగర్ పరీక్ష ఉన్నట్టు దీనికీ ఒకటి ఉంటే బాగుండునన్న కోరిక డాక్టర్లకూ ఉంది. సీటీ, పెట్, ఎంఆర్ఐ యంత్రాలు ఒకటి తర్వాత ఒకటి వచ్చినప్పుడు ఆ కోరిక తీరుతుందనే అందరూ అనుకున్నారు.

ఆ ఆశను బాగా పెంచిన పరిశోధన 1997లో నేచర్ పత్రికలో వచ్చింది. వేన్ డ్రెవెట్స్ బృందం మెదడు చురుకుదనాన్ని కొలిచే పెట్ స్కాన్లతో, ఎంఆర్ఐతో మెదడు ముందుభాగంలో, రెండు అర్ధగోళాల నడుమ లోపలి వైపున ఉన్న చిన్న ప్రాంతాన్ని చూసింది. కార్పస్ కలోసమ్ అనే నరాల వంతెన ముందువైపు వంగే చోటికి సరిగ్గా కింద ఉంటుందది. సబ్‌జెన్యువల్ ప్రిఫ్రంటల్ కార్టెక్స్ అంటారు. కార్టెక్స్ అంటే మెదడు పైపొర. వంశపారంపర్యంగా మూడ్ జబ్బులున్న కుటుంబాల నుంచి వచ్చిన బైపోలార్ రోగుల్లో ఆ ప్రాంతపు గ్రే మ్యాటర్, అంటే నాడీకణాలు ఎక్కువగా ఉండే బూడిదరంగు కణజాలం, సుమారు 39 శాతం తక్కువగా కనిపించింది. మామూలు డిప్రెషన్ ఉన్నవాళ్లలో 48 శాతం తక్కువ. ఇది చిన్న తేడా కాదు. నిజంగా ఇంత తేడా అందరిలోనూ ఉంటే రేడియాలజిస్టు కంటితోనే పట్టేయవచ్చు.

మరుసటి ఏడాదే అదే బృందంలోని వాళ్లు ఇంకో అడుగు వేశారు. మరణించినవారి మెదళ్ల నుంచి అదే ప్రాంతాన్ని తీసుకుని మైక్రోస్కోపు కింద కణాలను లెక్కపెట్టారు. నాడీకణాలు చచ్చిపోయి ఉంటాయన్నది అప్పటి ఊహ. కానీ తగ్గినవి నాడీకణాలు కావు, వాటికి ఆసరాగా, పోషణగా ఉండే గ్లియా కణాలు. ఎంఆర్ఐ బొమ్మలో "తగ్గింది" అని కనిపించినదాన్ని "మెదడు కణాలు చచ్చాయి" అని చదవకూడదని అప్పుడే తేలింది. నేటికీ పత్రికల్లో "మెదడు కుంచించుకుపోతుంది" అని శీర్షికలు పెట్టేవాళ్లు ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే ఎన్నో కుటుంబాలకు అనవసరపు భయం తప్పుతుంది. కణాల మధ్య కొమ్మలు తగ్గినా, గ్లియా తగ్గినా, చివరికి నీటి శాతం మారినా ఎంఆర్ఐలో ఆ చోటు చిన్నగా కనిపించగలదు. యంత్రం కొలిచేది ప్రధానంగా నీటిలోని హైడ్రోజన్ నుంచి వచ్చే సంకేతాన్ని. కణాలను అది చూడలేదు.

ఆ తర్వాత పదిహేనేళ్లు పరిశోధనలు వెల్లువలా వచ్చాయి. అయితే వాటిలో ఎక్కువ శాతం ఇరవై, ముప్ఫై మంది రోగులతో, అంతేమంది ఆరోగ్యవంతులతో చేసినవి. ఫలితాలు ఒకదానికొకటి పొంతన లేకుండా పోయాయి. భయం, కోపం వంటి భావాలకు కేంద్రమైన అమిగ్డలా సంగతే చూడండి. పెద్దవాళ్లలో అది పెద్దదిగా ఉందని ఒక బృందం చెబితే, చిన్నదిగా ఉందని ఇంకో బృందం, తేడాయే లేదని మూడో బృందం చెప్పాయి. టీనేజి పిల్లల్లో మాత్రం చిన్నదిగా ఉందని ఎక్కువమందికి కనిపించింది. ఎవరూ అబద్ధం చెప్పలేదు. కొద్దిమందిని చూసినప్పుడు దొరికే తేడా కొంత నిజం, కొంత యాదృచ్ఛికం. యాదృచ్ఛికంగా పెద్దగా కనిపించిన తేడాలే పత్రికల్లో అచ్చయ్యే అవకాశం ఎక్కువ, తేడా దొరకని పరిశోధన సొరుగులో ఉండిపోతుంది. అలా అచ్చయినవాటినే చదివితే మెదడులో ప్రతి మూలా పెద్ద లోపం ఉందనిపిస్తుంది.

అందులోనూ బైపోలార్ రోగిని స్కాన్ తీయడం మామూలు పని కాదు. ఎంఆర్ఐ సొరంగంలో అరగంటకు పైగా తల కదపకుండా పడుకోవాలి. చెవులకు రక్షణ పెట్టినా యంత్రం చప్పుడు దడదడలాడుతూనే ఉంటుంది. మేనియాలో ఉన్న మనిషి రెండు నిమిషాలు కుర్చీలో కుదురుగా కూర్చోలేడు. అందుకే చాలా పరిశోధనల్లో మనం చూసేది జబ్బు తగ్గి నిలకడగా ఉన్న దశలోని మెదడును. మేనియా నడుస్తున్నప్పటి మెదడు గురించి తెలిసింది చాలా తక్కువ. అంతేకాదు, తల కొంచెం కదిలినా లెక్కలో కార్టెక్స్ పలచగా వస్తుందని విడిగా చేసిన పరీక్షల్లో రుజువైంది. అసలే కార్టెక్స్ సగటు మందం రెండున్నర మిల్లీమీటర్లు, ఒక కందిపప్పు బద్దంత. పరిశోధకులు వెతికే తేడా మిల్లీమీటరులో నూరో వంతుల్లో ఉంటుంది. రోగి కాస్త ఎక్కువ కదిలాడా, ముందురోజు నీళ్లు సరిగా తాగలేదా, వాడే మందు ఏమిటి, స్కానర్ ఏ కంపెనీది అన్నవన్నీ ఆ నూరో వంతుల మీద చేయి వేయగలవు.

ఈ చిక్కుముడిని విప్పేందుకు తేలికైన దారి అందరి కొలతలూ ఒకచోట చేర్చడమే. 2009లో మొదలైన ఎనిగ్మా అనే అంతర్జాతీయ కూటమి ఆ పని చేసింది. పాల్ థాంప్సన్ నాయకత్వంలో, సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం కేంద్రంగా నడుస్తోంది. ప్రతి దేశంలోని బృందం తన దగ్గరున్న స్కాన్లను ఒకే సాఫ్ట్‌వేర్‌తో, ఒకే పద్ధతిలో కొలిచి, ఆ కొలతలను పంచుకుంటుంది. బైపోలార్ బృందం 2016లో వెలువరించిన మొదటి పెద్ద ఫలితంలో 1,710 మంది రోగులు, 2,594 మంది ఆరోగ్యవంతులు ఉన్నారు. రోగుల్లో జ్ఞాపకశక్తికి ముఖ్యమైన హిప్పోక్యాంపస్, సమాచారాన్ని అటూఇటూ చేరవేసే థాలమస్ సగటున కాస్త చిన్నవి. మెదడు లోపల ద్రవం ఉండే గదులు, అంటే వెంట్రికల్స్, కాస్త పెద్దవి. 2018లో కార్టెక్స్ మీద వచ్చిన రెండో ఫలితంలో మొత్తం 6,503 మంది. నుదుటి వెనుక, కణతల దగ్గర, నడినెత్తి వైపు ఉన్న ప్రాంతాల్లో పొర సగటున పలచగా ఉంది. అన్నిటికంటే స్పష్టమైన తేడా ఎడమవైపు నుదుటి కింది భాగంలో దొరికింది. భావోద్వేగాలను అదుపులో పెట్టడానికి, చేయబోయే పనిని ఆపుకోవడానికి పనికొచ్చే ప్రాంతాలు చాలావరకు ఈ ముందుభాగంలోనే ఉంటాయి. 2019లో 1,482 మంది రోగులతో వచ్చిన మరో విశ్లేషణ మెదడులోని నరాల తీగలను, అంటే వైట్ మ్యాటర్‌ను చూసింది. రెండు అర్ధగోళాలను కలిపే కార్పస్ కలోసమ్‌లో, భావాల వలయాన్ని చుట్టే సింగ్యులమ్‌లో నరాల అల్లిక కాస్త సడలినట్టు కనిపించింది.

ఇవన్నీ కలిపితే ఒక అర్థవంతమైన బొమ్మ ఏర్పడుతోంది. భావాలను పుట్టించే లోపలి కేంద్రాలు, వాటికి కళ్లెం వేసే ముందుభాగం, రెండిటినీ కలిపే తీగలు, ఈ మూడింటి పొందికలో తేడా ఉందన్నదే ఆ బొమ్మ. ఫంక్షనల్ ఎంఆర్ఐతో, మనిషి ఏదో పని చేస్తుండగా మెదడులో రక్తప్రవాహాన్ని చూసినవాళ్లు కూడా ఇంచుమించు ఇక్కడికే వచ్చారు. పిట్స్‌బర్గ్‌లో మేరీ ఫిలిప్స్ బృందం బహుమతి వస్తుందన్న ఆశ కలిగినప్పుడు బైపోలార్ ఉన్నవారిలో దాన్ని పట్టించుకునే వలయం మరీ చురుగ్గా స్పందిస్తుందని చూపింది. అప్పు చేసి వ్యాపారం పెడతానన్న కుర్రవాడికి అందులో నష్టం ఎందుకు కనిపించలేదో ఇది కొంత అర్థం చేయిస్తుంది.

ఇక్కడ ఆగి ఆ "కాస్త" అన్న మాటను తూకం వేయాలి. ఈ పరిశోధనలన్నిటి సారం అందులోనే ఉంది. హిప్పోక్యాంపస్ విషయంలో ఎనిగ్మా చెప్పిన తేడా, గణాంకశాస్త్రం భాషలో 0.23. సామాన్య లెక్కలోకి దించితే ఇలా ఉంటుంది. ఒక డబ్బాలో బైపోలార్ ఉన్నవారి పేర్లు, ఇంకో డబ్బాలో లేనివారి పేర్లు వేసి, చెరో చీటీ తీశామనుకుందాం. ఇద్దరి హిప్పోక్యాంపస్‌లను కొలుస్తాం. తేడా ఏమీ లేకపోతే, 100 జతల్లో 50 సార్లు రోగిది చిన్నదిగా ఉంటుంది, బొమ్మాబొరుసు వేసినట్టే. నిజంగా ఉన్న తేడాతో లెక్కిస్తే 56 సార్లు రోగిది చిన్నది, 44 సార్లు ఆరోగ్యవంతుడిదే చిన్నది. ఆ రెండు గుంపుల కొలతలను గ్రాఫుగా గీస్తే రెండు కొండలూ పదింట తొమ్మిది వంతులు ఒకదానిమీద ఒకటి పడిపోతాయి. కార్టెక్స్‌లో అన్నిటికంటే పెద్ద తేడా తీసుకున్నా 100కి 58 దాటదు. ఈ ఆరు, ఎనిమిది అదనపు జతలే జబ్బు తాలూకు అచ్చమైన ముద్ర. వేలమందిలో అది నమ్మదగిన నిజం. ఒక్కరి ఫిల్ము ముందు నిలబడిన రేడియాలజిస్టుకు మాత్రం దాంతో ఏ తీర్పూ చెప్పే వీలుండదు. ఆయన నార్మల్ అని రాయడంలో పొరపాటేమీ లేదు.

1997 నాటి 39 శాతానికీ ఈ అంకెకూ ఎంత దూరం! మెదడుకూ ప్రవర్తనకూ ఉన్న సంబంధాలను నమ్మకంగా పట్టాలంటే వేలమంది కావాలని 2022లో నేచర్‌లో దాదాపు 50,000 మంది స్కాన్లతో స్కాట్ మారెక్ బృందం చూపింది. ఆ పరిశోధన ముఖ్యంగా సాధారణ జనాభా గురించే అయినా, దాని పాఠం సైకియాట్రీకి సూటిగా తగిలింది.

ఒక్కో కొలతతో కాకపోతే వందల కొలతలను కలిపి కంప్యూటర్‌కు నేర్పిస్తే? ఈ ప్రశ్నకూ ఎనిగ్మా నిజాయితీగా జవాబిచ్చింది. 13 కేంద్రాల నుంచి 853 మంది రోగులు, 2,167 మంది ఆరోగ్యవంతుల స్కాన్లతో మెషీన్ లెర్నింగ్ చేయిస్తే, ఎవరు రోగో, ఎవరు కాదో సరిగా చెప్పగలిగింది సుమారు 65 శాతం సార్లు. గుడ్డిగా చెప్పినదానికంటే మెరుగే. అయితే దీన్ని బజారులో పెడితే ఏమవుతుందో చూడండి. వెయ్యిమంది ఉన్న ఊళ్లో పదిమందికి బైపోలార్ ఉందనుకుందాం. ఈ కంప్యూటర్ ఆ పదిమందిలో ఆరేడుగురిని పడుతుంది. మిగతా 990 మందిలో దాదాపు 350 మందికి లేని జబ్బు అంటగడుతుంది. జబ్బు ఉందని చీటీ అందుకున్న ప్రతి యాభైమందిలో నిజమైన రోగి ఒక్కరు. ఓపీకి వచ్చేవారిలో జబ్బున్నవాళ్ల వంతు ఎక్కువ కాబట్టి అక్కడ ఈ అంకె ఇంత ఘోరంగా ఉండదు. కానీ అక్కడ డాక్టరు అరగంట కూర్చుని కుటుంబంతో మాట్లాడితే దీనికంటే ఎంతో ఎక్కువ తెలుస్తుంది.

అందుకే అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ నిపుణుల బృందం 2018లో సైకియాట్రీ జబ్బుల నిర్ధారణకు ఏ మెదడు చిత్రమూ ఇంకా వాడకానికి సిద్ధం కాలేదని స్పష్టంగా రాసింది. అయినా మెదడులో రక్తప్రవాహాన్ని రంగురంగుల్లో చూపే స్పెక్ట్ స్కాన్లతో మానసిక జబ్బు పేరు చెబుతామని వేల డాలర్లు తీసుకునే క్లినిక్కులు ఆ దేశంలో ఉన్నాయి. అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాలు పిల్లల కోసం ఇలాంటి చోటికి వెళ్లాలనుకుంటే ముందు ఈ సంగతి తెలుసుకోవాలి. ఆ బొమ్మలో ఎర్రగా, నీలంగా కనిపించేవి సాఫ్ట్‌వేర్ వేసిన రంగులు. జబ్బుకు ఒక రంగంటూ లేదు.

స్కాన్ నిర్ధారణకు పనికొస్తే అన్నిటికంటే మేలు జరిగే చోటు ఒకటుంది. చాలామందిలో బైపోలార్ జబ్బు మొదట డిప్రెషన్‌గానే పైకి వస్తుంది. అప్పుడది మామూలు డిప్రెషనా, రేపు మేనియా రాబోయే డిప్రెషనా అన్నది చూసి చెప్పడం కష్టం. అమెరికాలో 2000లో రోగుల సంఘం చేసిన సర్వేలో 69 శాతం మందికి మొదట వేరే జబ్బు పేరు చెప్పారు, మూడో వంతుకు పైగా సరైన పేరు కోసం పదేళ్లో అంతకన్నా ఎక్కువో ఆగారు. ఆ పదేళ్లలో కేవలం డిప్రెషన్ మాత్రలు వాడితే కొందరిలో మేనియా ఎగదోసే ప్రమాదం ఉంది. ఈ రెంటినీ విడదీసే గుర్తు కోసం చాలా బృందాలు ఫంక్షనల్ ఎంఆర్ఐతో కష్టపడుతున్నాయి. ఫలితాలు ఆశ పుట్టిస్తున్నా ఆసుపత్రి గడప దాటి లోపలికి వచ్చే స్థాయికి చేరలేదు. ఈ రంగంలో డబ్బు, శ్రమ పెట్టాల్సిన చోటు ఏది అంటే ఇదే. రోగికీ ఆరోగ్యవంతుడికీ తేడా చెప్పడానికి డాక్టరుకు యంత్రం అవసరం అంతగా లేదు. రెండు డిప్రెషన్ల మధ్య తేడా చెప్పడానికి నిజంగా ఉంది.

మెదడు చిత్రాలు నిర్ధారణలో వెనుకబడినా, మందు గురించి చెప్పిన కబురు మాత్రం విలువైనది. లిథియం కథ 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే డాక్టరు మేనియా రోగులకు దాన్ని ఇచ్చి చూడడంతో మొదలైంది. అది మెదడులో ఏం చేస్తుందో అర్థ శతాబ్దం పాటు ఎవరికీ సరిగా తెలియలేదు. 2000లో లాన్సెట్‌లో గ్రెగరీ మూర్, హుస్సేనీ మాంజీ బృందం చిన్న ఫలితం ప్రచురించింది. పదిమంది రోగులకు లిథియం మొదలుపెట్టకముందు ఒకసారి, నాలుగు వారాలు వాడాక ఒకసారి స్కాన్ తీశారు. ఎనిమిది మందిలో గ్రే మ్యాటర్ పెరిగింది, సగటున 3 శాతం. మందు మెదడును పెంచుతుందా అని అందరూ ఆశ్చర్యపోయారు. తర్వాత ఒక గట్టి సందేహం వచ్చింది. లిథియం ఎంఆర్ఐ సంకేతాన్నే కొద్దిగా మార్చగలదని 2013లో తేలింది. అంటే పెరిగింది కణజాలమా, బొమ్మలోని మెరుపా అన్న ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. అయినా ఒకటి మాత్రం మళ్లీ మళ్లీ కనిపిస్తోంది. లిథియం వాడనివారితో పోలిస్తే వాడుతున్నవారిలో హిప్పోక్యాంపస్ పెద్దదిగా ఉందని పలు బృందాలు చూశాయి. ఎనిగ్మా 2018 లెక్కలో వాళ్ల కార్టెక్స్ అంత పలచబడలేదు. మూర్ఛ మందులను మూడ్ కోసం వాడుతున్నవారిలో మాత్రం పొర ఇంకాస్త పలచగా కనిపించింది. దీన్ని చూసి ఆ మాత్రలు ఆపేయకూడదు. ఎవరికి ఏ మందు ఎందుకు ఇచ్చారన్నది ఈ లెక్కల్లో కలిసిపోయి ఉంటుంది. లిథియం పడనివారికి, గర్భిణులకు, కిడ్నీ సమస్య ఉన్నవారికి నిర్ణయం వేరుగా ఉంటుంది, అది డాక్టరు చేతిలోది.

బ్రిటన్‌లోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయం వాళ్లు ఇంకా ముచ్చటైన పని చేశారు. మామూలు ఎంఆర్ఐ హైడ్రోజన్‌ను వింటే, వాళ్లు యంత్రాన్ని లిథియం పరమాణువులకు ట్యూన్ చేసి, మాత్ర వేసుకుంటున్న రోగుల మెదళ్లలో ఆ లోహం ఎక్కడెక్కడ చేరిందో బొమ్మ తీశారు. లిథియం మెదడంతా సమానంగా పరుచుకోవడం లేదు. కొన్నిచోట్ల ఎక్కువ, కొన్నిచోట్ల తక్కువ, మనిషికీ మనిషికీ తేడా. ఇప్పుడు డాక్టర్లు చూసేది రక్తంలో మోతాదు మాత్రమే. చివరి మాత్ర వేసుకున్న పన్నెండు గంటలకు రక్తం తీస్తారు. ఎక్కువమందికి లీటరుకు 0.6 నుంచి 1 మిల్లీమోల్ లోపు ఉండేలా చూస్తారు. 1.5 దాటితే విషమయ్యే ప్రమాదం. రక్తంలో సరిగ్గానే ఉన్నా ఒకరికి మందు అద్భుతంగా పనిచేసి ఇంకొకరికి ఎందుకు చేయదన్న పాత ప్రశ్నకు ఈ బొమ్మల్లో జవాబు దొరకవచ్చు.

ఒకే మనిషిని ఏళ్ల తేడాతో రెండుసార్లు స్కాన్ తీయడం ఖర్చుతో కూడుకున్న పని. అందుకే అలాంటి పరిశోధనలు తక్కువ, దొరికినవి బంగారం. ఎనిగ్మా 2022లో 307 మంది రోగులు, 925 మంది ఆరోగ్యవంతుల జంట స్కాన్లను పోల్చింది. బైపోలార్ ఉన్నంతమాత్రాన కార్టెక్స్ వేగంగా పలచబడిపోవడం లేదు. "ఈ జబ్బు వస్తే మెదడు ఏటేటా అరిగిపోతుంది" అన్న భయానికి ఇది సూటిగా జవాబు. అయితే రెండు స్కాన్ల మధ్య ఎక్కువసార్లు మేనియా వచ్చినవారిలో, ముఖ్యంగా ముందుభాగంలో, పొర త్వరగా పలచబడింది. మేనియా రానివారిలో అలా కాలేదు. మేనియా వల్ల పొర తగ్గిందా, పొర తగ్గడం వల్ల మేనియా వచ్చిందా అన్నది ఈ పద్ధతిలో తేలదు. తేలకపోయినా ఇంటివాళ్లు తెలుసుకోవాల్సినది ఇందులో ఉంది. నిలకడగా ఉన్న రోగి "నాకు బాగానే ఉంది కదా" అని మాత్ర మానేసినప్పుడు పందెంలో పెడుతున్నది వచ్చే మేనియాను మాత్రమే కాకపోవచ్చు.

రోగుల బంధువులను చూసిన పరిశోధన కూడా అనుకోని సంగతి ఒకటి బయటపెట్టింది. మరో తీవ్ర మానసిక జబ్బైన స్కిజోఫ్రీనియా రోగుల దగ్గరి బంధువుల్లో థాలమస్ సగటున కాస్త చిన్నదైతే, బైపోలార్ రోగుల దగ్గరి బంధువుల్లో పుర్రె లోపలి పరిమాణం ఆరోగ్యవంతుల కంటే కాస్త పెద్దదిగా తేలింది. రెండు జబ్బులకూ జన్యువుల్లో చుట్టరికం ఉన్నా, మెదడు ఎదిగే తొలినాళ్లలో వాటి దారులు వేరవుతున్నాయన్నమాట. బైపోలార్ అంటే "తక్కువ మెదడు" అన్న అపోహ ఎంత తప్పో చెప్పడానికి ఇది చాలు.

స్కాన్ తప్పకుండా తీయాల్సిన సందర్భాలూ ఉన్నాయి, వాటిని పక్కకు నెట్టకూడదు. జీవితంలో ఎప్పుడూ లేనిది యాభై, అరవై ఏళ్ల వయసులో తొలిసారి మేనియా వచ్చినప్పుడు, దాంతోపాటు ఫిట్స్, చేయి కాలు బలహీనత, మాట తడబాటు, కొత్తగా తీవ్రమైన తలనొప్పి ఉన్నప్పుడు, తలకు దెబ్బ తగిలాక ప్రవర్తన మారినప్పుడు ఎంఆర్ఐ లేదా సీటీ వెంటనే కావాలి. మెదడులో గడ్డ, పక్షవాతం, ఇన్ఫెక్షన్ కూడా మేనియా రూపంలో రాగలవు. అలాంటి దెబ్బల వల్ల మేనియా వచ్చినవారిని కలిపి చూసిన పరిశోధన ఒకటి 2020లో వచ్చింది. దెబ్బ ఎక్కువగా కుడి అర్ధగోళంలోనే ఉంది. చోటు ఒక్కొక్కరిలో ఒక్కోలా ఉన్నా, ఆ చోట్లన్నీ కంటి గుంతల పైన ఉండే ఆర్బిటోఫ్రంటల్ కార్టెక్స్‌తో, మరికొన్ని ప్రాంతాలతో అల్లుకున్న ఒకే వలయానికి చెందినవి. జబ్బు ఒక బిందువులో కాక వలయంలో ఉంటుందన్న ఆలోచనకు ఇంత సూటి ఆధారం మామూలు బైపోలార్ స్కాన్ల నుంచి ఇంతవరకూ రాలేదు.

మన దేశం సంగతికి వస్తే, ఎనిగ్మాలో చేరిన స్కాన్లలో ఎక్కువ భాగం యూరప్, ఉత్తర అమెరికా కేంద్రాలవే. భారతీయుల మెదళ్ల లెక్క అందులో కొద్దిగానే ఉంది. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్, అదే నగరంలోని పరిశోధన సంస్థలతో కలిసి, ఒకే ఇంట్లో పలువురికి తీవ్ర మానసిక జబ్బులున్న కుటుంబాలను ఏళ్లతరబడి వెంబడిస్తోంది. స్కాన్లు, జన్యువులు, రక్తకణాల నుంచి తయారుచేసిన మూలకణాలు, అన్నీ ఒకే కుటుంబం నుంచి సేకరించడం దాని ప్రత్యేకత. అలాంటి పని హైదరాబాద్, విశాఖల్లోనూ జరగాలి. నిమ్‌హాన్స్ నిర్వహించిన 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు బైపోలార్ వచ్చినవారు సుమారు 0.5 శాతం, వారిలో దాదాపు 70 శాతం మందికి చికిత్స అందడం లేదు. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ లేవు. మన ఇళ్లలో పరిస్థితిని ఆ సర్వే కొలవనే లేదు.

చికిత్స అందని ఆ ఇళ్లకు ముందు చేరాల్సింది ఎంఆర్ఐ యంత్రం కాదు. ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయంలో, విశాఖ చినవాల్తేరు ఆసుపత్రిలో, పెద్ద ప్రభుత్వాసుపత్రుల సైకియాట్రీ ఓపీల్లో స్కాన్ లేకుండానే ఈ జబ్బును పడతారు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. ఆ మొదటి మాటల్లో డాక్టరుకు కావలసినవి ఇంటివాళ్లకే తెలుసు. నిద్ర ఏ వారం నుంచి తగ్గింది, తగ్గినా హుషారు ఎందుకు తగ్గలేదు, డబ్బు ఖర్చు ఎప్పుడు అదుపు తప్పింది, అంతకుముందు కుంగిపోయి ఎన్నాళ్లు ఉన్నాడు, ఆ రోజుల్లో ఏ మాత్ర వాడాడు, మేనమామకో నాయనమ్మకో ఇలాంటిది ఉండేదా. ఒక నోటు పుస్తకంలో నెలవారీగా ఇవి రాసుకుని వెళ్తే చాలు. ఎన్ని గంటలు నిద్రపోయాడన్న ఒక్క వరుస రోజూ రాసినా, తర్వాతి మేనియా ముంచుకొచ్చే కొన్ని రోజుల ముందే ఆ వరుసలో అంకెలు పడిపోవడం చాలా ఇళ్లలో కనిపిస్తుంది. అప్పుడే ఓపీకి తీసుకెళ్తే మోతాదు సరిచేయడానికి డాక్టరుకు వ్యవధి దొరుకుతుంది.